ఫియోనా షా నటజీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐరిష్ నటి ఫియోనా షా పేరు ఎత్తగానే అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఒక తరానికి ఆమె హ్యారీ పాటర్‌ను మెట్ల కింద గూట్లో పడుకోబెట్టిన పెద్దమ్మ. మరో తరానికి బ్రిటిష్ గూఢచారి సంస్థలో పెద్ద అధికారి. లండన్, డబ్లిన్‌లలో నాటకాలు చూసేవారికి మాత్రం ఆమె ఎలెక్ట్రా, మెడియా, రెండో రిచర్డ్. ఈ మూడు వర్గాలవారూ అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట ఉన్నాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ముందుగా తెలుసుకోవాలనుకునేవారికి

ఫియోనా షా అంటే హ్యారీ పాటర్‌లో పెద్దమ్మ వేషం వేసిన ఆవిడేనా?

అవును, పెటూనియా డర్స్లీ ఆమే. కానీ ఆ పాత్ర ఆమెకు దొరికిన మొదటి అవకాశం కాదు. 2001లో మొదటి హ్యారీ పాటర్ సినిమా వచ్చేసరికే ఆమె లండన్ రంగస్థలంలో ఉత్తమ నటిగా రెండు ఒలివియే అవార్డులు అందుకున్నారు. గ్రీకు విషాద నాటకాలు, షేక్‌స్పియర్, ఇబ్సెన్, బ్రెక్ట్, బెకెట్ వంటి రచయితల నాటకాలూ ఆడేశారు. సినిమా ఆమెకు ప్రపంచవ్యాప్తంగా గుర్తింపు తెచ్చింది. నటిగా నిలబెట్టింది నాటకం.

ఆమె ఇంగ్లీషువారా, ఐరిష్‌వారా?

ఐరిష్. 1958 జూలై 10న ఐర్లండ్ దక్షిణాన ఉన్న కార్క్ కౌంటీలో పుట్టారు, కార్క్ నగరంలో పెరిగారు. తండ్రి కంటి శస్త్రచికిత్స నిపుణుడు, తల్లి భౌతికశాస్త్రం చదివినవారు. వృత్తి జీవితంలో ఎక్కువ భాగం లండన్‌లోనే గడవడం వల్ల, ఇంగ్లీషు దొరసాని పాత్రలు అంత సహజంగా చేయడం వల్ల చాలామంది పొరబడుతుంటారు. ఐరిష్ పౌరురాలు కాబట్టే 2001లో బ్రిటన్ ఇచ్చిన సీబీఈ బిరుదు ఆమెకు గౌరవ హోదాలో వచ్చింది.

షా ఆమె అసలు పేరు కాదట, నిజమేనా? బెర్నార్డ్ షాకు చుట్టమా?

పుట్టినప్పటి పేరు ఫియోనా మేరీ విల్సన్. షా అన్నది రంగస్థలం కోసం పెట్టుకున్న పేరు. కాబట్టి పేరు ఒకటే అయినంత మాత్రాన బెర్నార్డ్ షాతో చుట్టరికం కలపలేం.

## చదువు, శిక్షణ, తొలి వేషాలు

తత్వశాస్త్రం చదివిన మనిషి నాటకాల్లోకి ఎలా వచ్చారు?

యూనివర్సిటీ కాలేజ్ కార్క్‌లో తత్వశాస్త్రంలో డిగ్రీ చేశాక లండన్ వెళ్లి రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో చేరారు. రాడా అని అందరూ పిలిచే ఆ సంస్థ నుంచి 1982లో బయటికి వచ్చారు. ఆ చదువు తర్వాతి నటనలో ఎక్కడ కనిపిస్తుందంటే, వాక్యాన్ని ఆమె పలికే తీరులో అంటాను. ఎంత పెద్ద వాక్యమైనా అప్పుడే ఆలోచించి, ఒక్కో మెట్టూ తర్కించుకుంటూ పలుకుతున్నట్టు ఉంటుంది. భావోద్వేగం ఆ ఆలోచన వెంటే వస్తుంది. షేక్‌స్పియర్‌ను పాటలా సాగదీసి చదివే పద్ధతికి ఇది పూర్తిగా భిన్నం.

మొదట్లో ఏ వేషాలు వేశారు?

1983లో లండన్ నేషనల్ థియేటర్‌లో షెరిడన్ రాసిన హాస్య నాటకం ‘ది రైవల్స్’లో జూలియాగా కనిపించారు. తర్వాత కొన్నేళ్లు రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో ఉన్నారు. 1985లో ‘యాజ్ యూ లైక్ ఇట్’లో జూలియట్ స్టీవెన్సన్ రోజలిండ్ అయితే ఈమె సీలియా. 1987లో ‘ది టేమింగ్ ఆఫ్ ది ష్రూ’లో బ్రయన్ కాక్స్ సరసన కేథరీన్. మొగుడి చేతిలో లొంగిపోయే గయ్యాళి భార్యగా చూపించే ఆ పాత్రను ఒక తెలివైన ఆడమనిషి చేయడమంటే మాటలు కాదు. షేక్‌స్పియర్ స్త్రీ పాత్రల గురించి నటీమణులే మాట్లాడుకున్న ఆ కాలపు చర్చల్లో ఫియోనా షా గొంతు గట్టిగా వినిపించింది.

## రంగస్థలం

డెబొరా వార్నర్ పేరు ప్రతిచోటా వస్తుంది. ఎవరావిడ?

ఇంగ్లీషు నాటక దర్శకురాలు. 1988లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీకి ఆమె తీసిన సోఫొక్లీస్ నాటకం ‘ఎలెక్ట్రా’తో ఇద్దరి జోడీ మొదలైంది. తర్వాత పాతికేళ్లకు పైగా కలిసి పనిచేశారు: బ్రెక్ట్ ‘ది గుడ్ పర్సన్ ఆఫ్ సెచువాన్’, ఇబ్సెన్ ‘హెడ్డా గాబ్లర్’, షేక్‌స్పియర్ ‘రిచర్డ్ ది సెకండ్’, ఎలియట్ కవిత ‘ది వేస్ట్ ల్యాండ్’, యూరిపిడీస్ ‘మెడియా’, బెకెట్ ‘హ్యాపీ డేస్’, బ్రెక్ట్ ‘మదర్ కరేజ్’, కోల్మ్ టోబీన్ ‘ది టెస్టమెంట్ ఆఫ్ మేరీ’.

ఈ జాబితా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఫియోనా షా చేసిన గొప్ప పనిలో ఎక్కువ భాగం ఒకే దర్శకురాలితో చేసింది. నటి తనంతట తానే వెలిగిపోతుందని అనుకుంటాం. నిజానికి ఏళ్ల తరబడి ఒకరి ఆలోచన మరొకరికి తెలిసి, భయం లేకుండా తప్పులు చేయగలిగే చోటే ఇలాంటి నటన పుడుతుంది. సినిమాల్లో ఆమెకు అలాంటి తోడు దొరకలేదన్నది నా అభిప్రాయం.

‘ఎలెక్ట్రా’ గురించి అందరూ అంత గొప్పగా ఎందుకు చెబుతారు?

తండ్రిని తల్లే చంపించింది. కూతురు ఏళ్లు గడిచినా ఆ దుఃఖంలోనే, పగలోనే బతుకుతుంటుంది. అదే ఎలెక్ట్రా కథ. పాత గ్రీకు నాటకం కదా అని గంభీరంగా నిలబడి పద్యాలు చదవలేదు ఫియోనా షా. జుట్టు కత్తిరించుకుని, చిక్కి శల్యమై, దుఃఖం ఒంటినే తినేసిన మనిషిలా ఆడారు. చూసినవారిలో చాలామంది దాన్ని భరించడం కష్టమైందన్నారు.

దీనికి సంబంధించి 1992లో జరిగిన ఒక సంఘటన ఇప్పటికీ నాటకరంగంలో చెప్పుకుంటారు. ఆ ఏడాది ఈ నాటకాన్ని ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ పట్టణంలో ఒక క్రీడాప్రాంగణంలో ఆడారు. కాథలిక్, ప్రొటెస్టెంట్ వర్గాల మధ్య హత్యలు, ప్రతీకార హత్యలు జరుగుతున్న రోజులవి. పగకు పగ అన్న మాట ఆ ఊరివారికి పుస్తకంలో చదివినది కాదు, వీధిలో చూస్తున్నది. నాటకం అయ్యాక చప్పట్లు లేవు. జనం కదల్లేదు. అలాగే కూర్చుని, నటులతోనూ తమలో తాముగానూ మాట్లాడుకోవాలన్నారు. రెండున్నర వేల ఏళ్లనాటి నాటకం ఒక ఊరి బాధను బయటికి మాట్లాడించింది. ఆమె నటజీవితంలో దీనికి సాటివచ్చే రాత్రి మరొకటి ఉండదనిపిస్తుంది.

‘ఎలెక్ట్రా’, తర్వాత మళ్లీ ఆడిన ‘యాజ్ యూ లైక్ ఇట్’లో ఈసారి రోజలిండ్, ‘ది గుడ్ పర్సన్ ఆఫ్ సెచువాన్’ మూడింటికీ కలిపి 1990లో ఆమెకు ఒలివియే ఉత్తమ నటి అవార్డు ఇచ్చారు.

ఆడమనిషి రాజు వేషం వేయడం ఏమిటి? ‘రిచర్డ్ ది సెకండ్’ మీద అంత గొడవ ఎందుకైంది?

1995లో నేషనల్ థియేటర్‌లోని చిన్న ప్రాంగణం కాటెస్లోలో షేక్‌స్పియర్ నాటకం ‘రిచర్డ్ ది సెకండ్’ను డెబొరా వార్నర్ దర్శకత్వం చేస్తే, రాజు వేషం ఫియోనా షాకు ఇచ్చారు. రంగస్థలాన్ని పొడవాటి నడవలా మధ్యలో ఉంచి ప్రేక్షకులను రెండు పక్కలా ఎదురెదురుగా కూర్చోబెట్టారు. సింహాసనం లాక్కునే బంధువు బోలింగ్‌బ్రోక్ వేషం డేవిడ్ త్రెల్ఫాల్ వేశారు.

అప్పటి లండన్ విమర్శకులు రెండుగా చీలిపోయారు. ఒక పెద్ద జాతీయ సంస్థ వేదిక మీద ఒక స్త్రీ షేక్‌స్పియర్ రాజు కావడం కొందరికి మింగుడు పడలేదు. పురుషుడు సత్యభామ కావడాన్ని స్థానం నరసింహారావు ద్వారా కళ్లారా చూసి మురిసిన తెలుగు నాటకరంగానికి ఇది అంత వింతగా అనిపించదేమో. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు, అంతే.

ఆమె మగవాడిలా గొంతు మార్చి, మీసం పెట్టుకుని నటించలేదు. చిన్నతనంలోనే కిరీటం నెత్తిన పడి, ఎదగడం మరిచిపోయిన మనిషిలా చేశారు. బోలింగ్‌బ్రోక్ వైపు చూసే చూపులో భయం, ఈర్ష్య, చెప్పుకోలేని ప్రేమ అన్నీ ఉంటాయి. కిరీటం అప్పగించే ఘట్టంలో ఆ ఇద్దరూ చిన్నపిల్లల ఆటలా దాన్ని చెరో పక్కా పట్టుకుంటే, రాజ్యం పోవడం కంటే బంధం తెగడమే పెద్ద నష్టమనిపిస్తుంది. ఈ నాటకాన్ని తర్వాత బీబీసీ చిత్రీకరించింది కూడా. ఇవాళ స్త్రీలు షేక్‌స్పియర్ రాజుల వేషాలు వేస్తే ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోవడం లేదు. ఆ దారి వేసినవాటిలో ఇదొకటి.

బెకెట్ నాటకం ఒకటి మధ్యలో ఆపించారట, ఏం జరిగింది?

1994లో లండన్ గారిక్ థియేటర్‌లో శామ్యూల్ బెకెట్ రాసిన చిన్న నాటకం ‘ఫుట్‌ఫాల్స్’ ఆడారు. ఒక స్త్రీ సన్నటి దారి మీద లెక్కపెట్టిన అడుగులు వేస్తూ అటూ ఇటూ నడవడమే ఆ నాటకం. ఎన్ని అడుగులు, ఏ వెలుగు అన్నీ బెకెట్ రాసిపెట్టారు. డెబొరా వార్నర్ నటిని వేదిక దాటించి, ప్రేక్షకులు కూర్చునే మేడ వరుసలోకి కూడా నడిపించారు. సంభాషణల్లోనూ కొంత మార్పు చేశారు. బెకెట్ హక్కుల వారసులు ఒప్పుకోలేదు. లండన్ తర్వాత వెళ్లాల్సిన ప్రదర్శనలు ఆగిపోయాయి.

దర్శకుడికి ఎంత స్వేచ్ఛ ఉండాలన్న చర్చలో ఈ ఉదంతం ఇప్పటికీ వస్తుంది. ఆ తర్వాత 2007లో ఇదే జోడీకి బెకెట్ ‘హ్యాపీ డేస్’ ఆడే అవకాశం దొరికింది. మొదటి అంకంలో నడుము దాకా, రెండో అంకంలో మెడ దాకా మట్టిలో కూరుకుపోయి ఉండే విన్నీ వేషం ఫియోనా షాది. రెండో అంకంలో చేతులు కూడా కదపలేని స్థితిలో కళ్లు, పెదాలు, గొంతుతోనే నడపాలి. సంచిలోంచి పళ్లు తోముకునే బ్రష్షు, అద్దం తీసి, ఈ రోజూ బాగానే గడుస్తుందని తనకు తాను నచ్చజెప్పుకునే ఆ స్త్రీని ఆమె ఎక్కడా జాలిపాత్రగా మార్చలేదు. గొప్ప హాస్యంతో ఆడారు.

‘మెడియా’ కన్నపిల్లలను చంపే తల్లి కథ కదా, అలాంటి పాత్రను జనం ఎలా చూశారు?

విరగబడి చూశారు. 2000లో డబ్లిన్ అబే థియేటర్‌లో మొదలై, 2001లో లండన్, 2002లో న్యూయార్క్ బ్రాడ్‌వే దాకా వెళ్లింది. భర్త జేసన్ మరో పెళ్లికి సిద్ధపడితే, అతనికోసం పుట్టినింటిని వదులుకుని వచ్చిన మెడియా తమ బిడ్డలనే చంపుతుంది. మామూలుగా ఆమెను మంత్రగత్తెగా, మహోగ్రరూపంగా చూపిస్తారు. ఈ ప్రదర్శనలో అలా లేదు. సగం కట్టి వదిలేసిన ఇల్లు, మధ్యలో చిన్న నీటి మడుగు, చుట్టూ పిల్లల బొమ్మలు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, మామూలు గౌనులో ఇంట్లోంచి బయటికి వచ్చే మెడియా పక్కింటావిడలా ఉంటుంది. జోకులు వేస్తుంది. జనం నవ్వుతారు. నవ్వినందుకు కాసేపటికే గుండె జారిపోతుంది.

హత్య తర్వాత నాటకం ఆ నీటి మడుగు దగ్గరే ముగుస్తుంది. సర్వం పోగొట్టుకున్న భర్త కూలబడి ఉంటాడు. మెడియా పిల్లలతో ఆడుకున్నట్టు అతని మీద నీళ్లు చిలకరిస్తుంది. కోపమూ కాదు, క్షమాపణా కాదు. ఇద్దరూ ఇక ఎక్కడికీ పోలేరు. ఈ పాత్రకే 2003లో ఆమెకు బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డుకు ఉత్తమ నటి నామినేషన్ వచ్చింది.

కవితను నాటకంలా ఒక్కరే ఎలా ఆడతారు?

టి.ఎస్. ఎలియట్ 1922లో ప్రచురించిన ‘ది వేస్ట్ ల్యాండ్’ నాలుగు వందలకు పైగా పంక్తుల కవిత. అందులో రాజవంశపు ఆడపడుచు, సారాయి కొట్టులో కబుర్లు చెప్పే ఆవిడ, జోస్యగత్తె, టైపిస్టు ఇలా ఎన్నో గొంతులు చెప్పాపెట్టకుండా వచ్చిపోతుంటాయి. చదివేవారికి ఎవరు మాట్లాడుతున్నారో అర్థం కాక తల తిరుగుతుంది. ఫియోనా షా 1995 నుంచి దీన్ని ఒంటరిగా, నలభై నిమిషాల లోపే ముగిసే ప్రదర్శనగా ఆడారు. వేషం మారదు, సామగ్రి దాదాపు ఏమీ ఉండదు. మెడ కాస్త పక్కకు తిరిగితే మనిషి మారిపోతుంది. సారాయి కొట్టు మూసే వేళయిందని తొందరపెట్టే యజమాని గొంతు మధ్యమధ్య వచ్చే భాగంలో, నవ్వు భయంగా మారడం వినాల్సిందే.

పాడుబడిన పాత ప్రదర్శనశాలలను ఏరికోరి ఎంచుకున్నారు. న్యూయార్క్‌లో 42వ వీధిలోని లిబర్టీ థియేటర్, లండన్‌లో విల్టన్స్ మ్యూజిక్ హాల్ వాటిలో ఉన్నాయి. పెచ్చులూడిన గోడల మధ్య ఆ కవితకు వేరే అలంకారం అక్కర్లేకపోయింది. ఈ కవిత కష్టమని పక్కన పెట్టేసిన సాహిత్య విద్యార్థులకు ఈ ప్రదర్శన రికార్డింగే ముందుగా వినిపించాలి.

బ్రాడ్‌వేలో ఒక నాటకం రెండు వారాలకే మూతపడిందట, బాగా లేదా?

బాగా లేకపోవడం వల్ల కాదు. 2013లో వాల్టర్ కెర్ థియేటర్‌లో ‘ది టెస్టమెంట్ ఆఫ్ మేరీ’ వచ్చింది. కొడుకు శిలువ మరణాన్ని చూసిన తల్లి మేరీ, చుట్టూ అల్లుతున్న పవిత్రగాథను ఒప్పుకోకుండా తన జ్ఞాపకం తాను చెప్పుకునే ఏకపాత్రాభినయం. నాటకానికి ముందు ప్రేక్షకులను వేదిక మీదికి రానిచ్చేవారు. అక్కడ బతికున్న రాబందు ఒకటి ఉండేది. గాజు పెట్టెలో నీలివస్త్రాలతో విగ్రహంలా కూర్చున్న ఫియోనా షా చుట్టూ జనం తిరిగి చూసేవారు. నాటకం మొదలవగానే ఆ విగ్రహం కాస్తా అలసిపోయిన పల్లెటూరి తల్లి అయిపోతుంది.

కొందరు కాథలిక్కులు బయట నిరసన తెలిపారు. టిక్కెట్లు కావలసినంత అమ్ముడుపోలేదు. ఏప్రిల్ 22న మొదలై మే 5న ముగిసింది. విచిత్రమేమిటంటే టోనీ ఉత్తమ నాటకం నామినేషన్ దీనికి దక్కింది. మరుసటి ఏడాది లండన్ బార్బికన్‌లో మళ్లీ ఆడారు.

అన్నీ ఏడుపు పాత్రలేనా? హాస్యం చేయరా?

చేస్తారు, అదీ అద్భుతంగా. 2010లో నేషనల్ థియేటర్‌లో డబ్లిన్‌లో పుట్టిన డయన్ బూసికో రాసిన ‘లండన్ అష్యూరెన్స్’లో గుర్రపు స్వారీ, వేట తప్ప మరో ధ్యాస లేని లేడీ గే స్పాంకర్‌గా, సైమన్ రసెల్ బీల్ సరసన హాలంతా నవ్వులతో నింపారు.

## సినిమాలు

ఆమె మొదటి చెప్పుకోదగ్గ సినిమా ఏది?

1989లో జిమ్ షెరిడన్ తీసిన ‘మై లెఫ్ట్ ఫుట్’. సెరిబ్రల్ పాల్సీ ఉండి, ఎడమ కాలితో బొమ్మలు వేసి, రచనలు చేసిన డబ్లిన్ కళాకారుడు క్రిస్టీ బ్రౌన్ కథ. అతనికి మాట స్పష్టంగా పలకడం నేర్పే డాక్టర్ ఐలీన్ కోల్ ఫియోనా షా. అతను ఆమెను ప్రేమిస్తాడు. రెస్టారెంటులో అందరూ కూర్చుని ఉండగా ఆమెకు మరొకరితో పెళ్లి కుదిరిందని తెలుస్తుంది. క్రిస్టీ తల బల్లకేసి కొట్టుకుంటాడు, పళ్లతో బల్లమీది గుడ్డ లాగేస్తాడు. ఆ ఘట్టంలో అందరూ డేనియల్ డే లూయిస్‌నే చూస్తారు, చూడాల్సిందే. రెండోసారి చూసినప్పుడు ఫియోనా షా ముఖం చూడండి. దయగా ఉండడం వల్ల కూడా ఒకరిని గాయపరచవచ్చని అప్పుడే తెలుసుకుంటున్న మనిషి కనిపిస్తుంది. ఆ సినిమాకు డే లూయిస్‌కూ, తల్లి పాత్ర వేసిన డబ్లిన్ నటి బ్రెండా ఫ్రికర్‌కూ ఆస్కార్‌లు వచ్చాయి.

ఇంత గొప్ప నటికి సినిమాల్లో అన్నీ చిన్న పాత్రలే ఎందుకు?

తొంభైలలో ఆమె ఏడాదిలో ఎక్కువ కాలం నాటకాలకే ఇచ్చారు. మధ్యలో దొరికిన ఖాళీలో సినిమాలు చేశారు. అందుకే జాబితా కలగాపులగంగా ఉంటుంది: 1993లో వీడియో ఆట ఆధారంగా వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్’, 1995లో జేన్ ఆస్టిన్ నవలకు బీబీసీ రూపం ‘పర్స్యువేషన్’, 1996లో జెఫిరెల్లి ‘జేన్ ఎయిర్’లో దయలేని మేనమామ భార్య మిసెస్ రీడ్. ‘పర్స్యువేషన్’లో మిసెస్ క్రాఫ్ట్‌గా, భర్త నావికాదళ అధికారితో కలిసి ఓడల మీద సముద్రాలు తిరిగిన సంతోషాన్ని చెప్పే తీరు చిన్నదే అయినా మరిచిపోలేం. ఇంగ్లీషు సినిమా నలభై దాటిన స్త్రీలకు పెద్ద పాత్రలు రాయకపోవడం మరో కారణం. ఆ లోటు ఆమెది కాదు.

హ్యారీ పాటర్ సినిమాలు ఎన్నింటిలో ఉన్నారు?

అయిదింటిలో: మొదటి మూడు, అయిదోది, ఏడో కథ తొలి భాగం. నాలుగు, ఆరు సినిమాల్లో డర్స్లీ కుటుంబమే కనిపించదు. ఏడో కథలో, సామాన్లు సర్దేసిన ఖాళీ ఇంట్లో పెటూనియా హ్యారీతో మాట్లాడే ఘట్టం ఒకటి తీసి, సినిమాలో ఉంచకుండా తొలగించారు. తొలగించిన దృశ్యాలలో దొరుకుతుంది. ఆ రాత్రి నువ్వు తల్లిని పోగొట్టుకున్నావు, నేను చెల్లెలిని పోగొట్టుకున్నాను అన్న భావం ఆమె నోట వస్తుంది. అది ఉండి ఉంటే ఆ పాత్ర మొత్తం వేరే వెలుగులో కనిపించేది.

ఐర్లండ్ కథలతో వచ్చిన సినిమాలు చేశారా?

చేశారు. 1997లో నీల్ జోర్డన్ ‘ది బుచర్ బాయ్’లో మిసెస్ నుజెంట్. ఇంగ్లండ్‌లో ఉండివచ్చానన్న దర్పంతో ఒక పేద కుటుంబాన్ని పందులని తిట్టి, ఆ ఇంటి పిల్లవాడి ద్వేషానికి గురయ్యే ఆడమనిషి. 1999లో వచ్చిన ‘ది లాస్ట్ సెప్టెంబర్’ డెబొరా వార్నర్ మొదటి చలనచిత్రం. 1920 ప్రాంతంలో స్వాతంత్ర్య పోరాటం చుట్టుముడుతున్నా విందులు మానని ఆంగ్లో ఐరిష్ జమీందారీ కుటుంబం కథ. జరిగేది ఆమె సొంత కార్క్ కౌంటీలోనే.

తర్వాతి సినిమాల్లో ఏవి చూడాలి?

2011లో టెరెన్స్ మాలిక్ ‘ది ట్రీ ఆఫ్ లైఫ్’లో అమ్మమ్మగా కొద్దిసేపే కనిపిస్తారు. 2018లో ‘కొలెట్’లో ఫ్రెంచి రచయిత్రి తల్లి సిడో. 2020లో ‘అమ్మోనైట్’లో శిలాజాలు సేకరించే ఎలిజబెత్ ఫిల్పాట్. అదే ఏడాది ‘ఎనోలా హోమ్స్’లో ఆడపిల్లలకు మర్యాదలు నేర్పే మిస్ హ్యారిసన్. 2025లో ‘హాట్ మిల్క్’లో, నడవలేక కూతురి మీదే ఆధారపడిన తల్లి రోజ్.

## టెలివిజన్

టీవీకి అంత ఆలస్యంగా ఎందుకు వచ్చారు?

రావడం ఆలస్యం కాలేదు, గుర్తింపు రావడం ఆలస్యమైంది. ఎనభైలలోనే బ్రిటిష్ టీవీ సంస్థ గ్రెనాడా వారి షెర్లాక్ హోమ్స్ ధారావాహికలో ఒక భాగంలో నటించారు. 2000లో బీబీసీ ‘గోర్మెన్‌గాస్ట్’ చేశారు. 2011లో అమెరికన్ సంస్థ హెచ్‌బీఓ ‘ట్రూ బ్లడ్’ నాలుగో సీజన్‌లో బిడియపు మంత్రగత్తె మార్నీగా, ఆమె ఒంట్లోకి దూరిన పురాతన ఆత్మగా రెండు పాత్రలు ఒకే శరీరంతో చేశారు. ఆ తర్వాత నడివయసు దాటిన స్త్రీలకు మంచి పాత్రలు టీవీలోనే ఎక్కువగా రావడం మొదలైంది. సరిగ్గా అప్పటికి ఆమె సిద్ధంగా ఉన్నారు.

‘కిల్లింగ్ ఈవ్’లో ఆమె పాత్ర ఎందుకంత నచ్చింది?

2018 నుంచి 2022 దాకా వచ్చిన ఆ ధారావాహికలో కరోలిన్ మార్టెన్స్ బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎమ్ఐసిక్స్‌లో రష్యా విభాగం అధిపతి. ఎదుటివారికి ఆమె మనసులో ఏముందో ఎప్పటికీ తెలియదు. మొదట్లో ఒకచోట, తాను ఒక ఎలుక కూల్‌డ్రింక్ డబ్బాను రెండు చేతులతో పట్టుకుని తాగడం చూశానంటుంది. ముఖం మీద నవ్వు లేదు, గొంతులో వెటకారం లేదు. అదొక నిఘా నివేదిక చదివినట్టే చెబుతుంది. అక్కడే ప్రేక్షకులు ఆ పాత్రకు దాసోహమన్నారు. 2019లో బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా టెలివిజన్ ఉత్తమ సహాయ నటి అవార్డు ఈ పాత్రకే వచ్చింది.

‘ఫ్లీబ్యాగ్’లో ఉన్నారంటారు, నాకు గుర్తులేదు?

2019లో వచ్చిన రెండో సీజన్‌లో ఒకే భాగంలో, ఒకే ఘట్టంలో మానసిక సలహాదారుగా ఉన్నారు. కథానాయికకు తండ్రి పుట్టినరోజు కానుకగా ఇచ్చిన కూపన్‌తో వెళ్లే సలహా అది. కూర్చున్న కుర్చీలోంచి లేవకుండానే ఎదుటి మనిషి చెప్పే అబద్ధాలన్నీ ఒక్కొక్కటిగా ఒలిచేస్తారు. ఆ కొద్ది నిమిషాలకు అమెరికన్ టీవీ అవార్డు ఎమ్మీకి నామినేషన్ వచ్చింది.

‘స్టార్ వార్స్’ ఏమీ చూడలేదు, ‘యాండర్’ అర్థమవుతుందా?

అవుతుంది. ‘స్టార్ వార్స్’ కథల్లో భాగమైన ఈ ధారావాహిక 2022 నాటి మొదటి సీజన్‌లో ఆమె కథానాయకుడిని పెంచిన తల్లి మార్వా. నియంతృత్వాన్ని ఏళ్లకేళ్లు భరించి, వృద్ధాప్యంలో ఎదురు తిరగాలని నిర్ణయించుకున్న మనిషి. చివరి భాగంలో ఆమె అంత్యక్రియలు. ఆ ఊరి ఆచారం ప్రకారం చితాభస్మాన్ని ఇటుకగా చేస్తారు. బ్యాండు మేళంతో ఊరేగింపు సాగుతుంటే, ఆమె ముందే రికార్డు చేసిన మాటలు ఆకాశమంత వెలుగు బొమ్మగా జనం ముందు నిలుస్తాయి. మనమంతా నిద్రపోయామని, చీకటి అందుకే పెరిగిందని ఆమె చెప్పే ఆ ప్రసంగం గ్రీకు నాటకాలు ఆడిన గొంతు మాత్రమే మోయగలిగినది. అరుపుతో కాదు, ఊపిరితో పైకి తీసుకెళతారు. బాఫ్టా నామినేషన్ దక్కింది.

ఇంకా ఏ ధారావాహికల్లో ఉన్నారు?

2021లో ‘బాప్టిస్ట్’ రెండో సీజన్‌లో హంగరీలో బ్రిటిష్ రాయబారి. 2024లో ‘ట్రూ డిటెక్టివ్: నైట్ కంట్రీ’లో అలాస్కా మంచులో ఒంటరిగా బతికే రోజ్. అదే ఏడాది డబ్లిన్ నేపథ్యంలోని ‘బ్యాడ్ సిస్టర్స్’ రెండో సీజన్‌లో ఆంజెలికా.

## అవార్డులు, ఇతర పనులు, చూడాలనుకునేవారికి

ఆస్కార్ వచ్చిందా?

లేదు, నామినేషన్ కూడా రాలేదు. ఉత్తమ నటిగా ఒలివియే రెండుసార్లు వచ్చింది: 1990లో ఒకసారి, సోఫీ ట్రెడ్వెల్ నాటకం ‘మెషినల్’కు 1994లో మరోసారి. ఒక బాఫ్టా టెలివిజన్ అవార్డు ఉంది. టోనీకి ఒకసారి నామినేట్ అయ్యారు. ఎమ్మీకి 2019లోనే రెండు, 2020లో ఒకటి నామినేషన్లు వచ్చాయి.

ఒపెరాలకు దర్శకత్వం చేస్తారట, నిజమేనా?

నిజమే. 2008లో ఇంగ్లిష్ నేషనల్ ఒపెరాకు ‘రైడర్స్ టు ది సీ’తో మొదలుపెట్టారు. సముద్రం ఒక్కొక్క కొడుకునే మింగేస్తే కూర్చుని లెక్కపెట్టుకునే ఐరిష్ ద్వీపపు తల్లి కథ అది. తర్వాత మోజార్ట్ ‘ది మ్యారేజ్ ఆఫ్ ఫిగారో’, గ్లైండ్‌బోర్న్ ఒపెరా సంస్థకు స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ ‘ది రేప్ ఆఫ్ లుక్రీషియా’ చేశారు.

వ్యక్తిగత జీవితం గురించి ఏం తెలుసు?

2018లో శ్రీలంకకు చెందిన ఆర్థికవేత్త, రచయిత్రి సోనాలి దెరణియగలను పెళ్లి చేసుకున్నారు. మన కోస్తా తీరాన్నీ తాకిన 2004 సునామీలో సోనాలి తన కుటుంబాన్ని కోల్పోయారు. ఆ దుఃఖం గురించి ఆమె రాసిన పుస్తకం చాలా దేశాల్లో చదివారు. అంతకుమించి వారి ఇంటి విషయాలు వారివే.

ఆమె నాటకాలు ఇప్పుడు చూసే వీలుందా, దేనితో మొదలుపెట్టాలి?

కొన్నింటిని చిత్రీకరించారు. ‘రిచర్డ్ ది సెకండ్’, స్టీఫెన్ రే సహనటుడిగా ఉన్న ‘హెడ్డా గాబ్లర్’ రెండూ బీబీసీ కోసం టీవీ రూపంలో వచ్చాయి. ‘ది వేస్ట్ ల్యాండ్’కూ చిత్ర రూపం ఉంది. ‘లండన్ అష్యూరెన్స్’ను నేషనల్ థియేటర్ సినిమా హాళ్లలో ప్రత్యక్ష ప్రసారం చేసింది. ‘ఎలెక్ట్రా’, ‘మెడియా’ల అసలు శక్తి ఆ హాళ్లలో కూర్చున్నవారికే దక్కింది.

కొత్తగా చూసేవారు ‘కిల్లింగ్ ఈవ్’ మొదటి సీజన్‌తో మొదలుపెట్టండి, వెంటనే ‘మై లెఫ్ట్ ఫుట్’ చూడండి. ఆమె నటన పట్టు దొరికాక ‘రిచర్డ్ ది సెకండ్’కు రండి. అప్పుడు పద్యభాష అడ్డు రాదు. ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్నవారైతే ఈ వరుస పక్కనపెట్టి నేరుగా ‘ది వేస్ట్ ల్యాండ్’ చూడవచ్చు. కవితను ముందు ఒకసారి చదివి, ఆమె నోట విని, మళ్లీ చదవండి.